అధికార ప్రతినిధి టోగ్బా

సన్నీవేల్‌లో ఒక ఆఫీసు గుమ్మం దగ్గర సెక్యూరిటీ గార్డుగా పనిచేసే టోగ్బా, లైబీరియాలో పోరాడే మూడు తిరుగుబాటు ముఠాల కూటమికి అమెరికాలో అధికార ప్రతినిధి. వచ్చేవాళ్లకు నవ్వుతూ తలుపు తీసిపట్టడం, ఖాళీ దొరికితే పత్రికలకు ఫ్యాక్స్‌లో యుద్ధం చేయడం అతని దినచర్య. 2003 జూలైలో ఆ ముఠాలు రాజధానిని ముట్టడించిన రోజు, "మా గుండ్లు శత్రువుకే తగులుతాయి, సిస్టర్" అన్నాడు ఆ ఆఫీసులోనే పనిచేసే ఇంజనీరు కృష్ణవేణితో.

"గుండ్లకి అడ్రస్ చదవడం కూడా నేర్పారా?" అంటూనే ఆమె రోజూలాగే తన బాక్సులోని పులిహోర సగం అతనికి పెట్టింది.

ముద్ద నోట్లో ఉండగానే రాజధాని నుంచి టోగ్బా తల్లి ఫోన్ చేసింది. "నాయనా, మీవాళ్ల గుండు మన వంటింట్లో పడింది. చర్చిలో దాక్కున్నాను. ఆపమని చెప్పు."

టోగ్బా ముగ్గురు నాయకులకూ ఫోన్ చేసి బతిమాలాడు. అమ్మ మాట ఎత్తగానే ముగ్గురి గొంతులూ గద్గదమయ్యాయి. ముగ్గురూ ఒక్కమాటే అన్నారు: "ముందు ఆ ఇద్దర్నీ ఆపమను. నేనాపితే వాళ్లు నాకంటే ముందు ఊళ్లోకి దూరరూ?" కూటమి ఏకగ్రీవంగా మాట్లాడగా అతను వినడం అదే మొదలు.

తల్లి మళ్లీ ఫోన్ చేసింది. "ఆపుతారా నాయనా?"

"కిటికీల దగ్గర కూర్చోకమ్మా," అన్నాడు అధికార ప్రతినిధి. "నేల మీద పడుకో."