ఎనిమిదో మనిషి

భవానీపురం నుంచి బస్టాండుకి షేర్ ఆటో తోలే నాగుల్ మీరాకి ఒక్కటే చాదస్తం. ఎనిమిది మంది నిండితే గానీ బండి కదపడు. వెనక సీట్లో ముగ్గురు, ఎదురు చెక్క మీద ముగ్గురు, తనకి అటొకరు ఇటొకరు. ఇరవై ఏళ్లుగా అంతే. తన నిఖాకి వెళ్తూ కూడా ఎనిమిదో చుట్టం కోసం వీధి చివర ఆగాడని భార్య షహజాది ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ రోజు ఏడుగురున్నారు. పక్కన కూర్చున్న ఏడో మనిషి ఆయన కూతురు ముబీనా. ఇంటర్ కెమిస్ట్రీ ఒకసారి తప్పింది. ఇవాళ సప్లిమెంటరీ. తొమ్మిదింటికి గేటు మూసేస్తారు. ఎనిమిదిన్నర దాటిపోయింది.

"పోనీ నాన్నా! లేటైతే మళ్లీ తప్పినట్టే."

"ఒక్క మనిషేనమ్మా, వచ్చేస్తాడు." తొందర తనకీ ఉంది గానీ, పాడు అలవాటు, హ్యాండిల్ తిప్పడానికి చెయ్యి రావట్లేదు.

వెనక నుంచి సంపూర్ణమ్మ అందుకుంది. "పిల్ల పరీక్ష కంటే ఆ ఎనిమిదోవాడు ఎక్కువా? ఎవడయ్యా వాడు, నీ అల్లుడా?"

ముబీనా పుస్తకం మూసేసింది. "నువ్వు అచ్చం క్లోరిన్‌వి నాన్నా."

"తిట్టా?"

"పాఠం. క్లోరిన్‌కి చివరి వరసలో ఎలక్ట్రాన్లు ఏడే. ఎనిమిదోది దొరికేదాకా కుదురుండదు."

"మరి ఇచ్చేదెవరు?"

"సోడియం. లోపలి వరసలో ఎనిమిదీ నిండి, పైన ఒక్కటి మిగులుతుంది. ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తుంటుంది."

అంతలో జక్కయ్య ఆటో వచ్చి ఆగింది. లోపల ఎనిమిది మంది, వెనక కడ్డీ పట్టుకుని వేలాడుతూ యేసుబాబు. ముందు సెంటర్లో జనం వేలాడే బళ్లని పోలీసులు ఆపుతున్నారట, జక్కయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరా! పుణ్యముంటది, వీణ్ణి ఎక్కించుకో!"

"పంపు, పంపు!"

"నన్నొక మాట అడగరేంటండీ?" అంటూనే యేసుబాబు ఇందులోకొచ్చి పడ్డాడు. రెండు బళ్లూ ఒకేసారి కదిలాయి.

దారిలో జాన్సన్ మేస్త్రి చెయ్యెత్తాడు. ఆగలేదు. రోజూ ఎక్కే తెరేసమ్మ టీచరు చెయ్యెత్తింది. ఆగలేదు.

"కళ్లు నెత్తికెక్కాయా, మీరా!"

"ఆర్గాన్ అండీ టీచరు గారూ! నిండిపోయింది, ఇక ఎవరితోనూ పనిలేదు!" అని ముబీనా అరిచింది.

తొమ్మిదికి రెండు నిమిషాలుండగా ముబీనా గేటు దాటింది.

మధ్యాహ్నం బయటికొస్తుంటే నాగుల్ మీరా ముందు పిల్ల మొహం చూశాడు. వెలిగిపోతోంది.

"ఏమడిగారు?"

"సోడియం, క్లోరిన్ కలిసి ఉప్పెలా అవుతుందో రాయమన్నారు. రెండు పేజీలు రాశా. జక్కయ్య మావయ్య పేరొక్కటే రాయలేదు."

ఎక్కి కూర్చుని, వెనక్కి చూసి నవ్వింది. "ఇంకా ఏడుగురు రావాలిగా?"

"ఇవాళ్టికి నువ్వొక్కదానివే ఎనిమిది మంది పెట్టు" అని నాగుల్ మీరా హ్యాండిల్ తిప్పాడు.