మెరిసే పిస్తోలు, అరిగిన ట్రిగ్గర్

ముందే ఒప్పేసుకుంటాను. నా నోట్లో పడ్డ వేలెడంత నెత్తలి చేప సొరచేపై బయటికొస్తుంది. మా ఆవిడ నా మాటల్లో ముప్పాతిక తరుగు తీసేసి, మిగిలిందాన్ని కూడా అనుమానంగానే వింటుంది. మీరూ అలాగే వినండి.

ఎనభైల మొదట్లో విశాఖ రేవులో కాపలా దళంలో పనిచేసేవాణ్ణి. మా ఆయుధాల గదిలోని పిస్తోళ్ళన్నీ ఒకే కార్ఖానావి, ఒకే అచ్చువి. పక్కపక్కన పెడితే చేసినవాడు కూడా పోల్చుకోలేడు. వేలు పెడితే మాత్రం ఒక్కోదానిది ఒక్కో బుద్ధి.

వాటిలో ఒకటి తనిఖీ పిస్తోలు. పై అధికారులు వచ్చినప్పుడు ఎర్రగుడ్డ మీద పెట్టి చూపించడానికే పుట్టింది. పేల్చింది బహు తక్కువ. ఒంటిమీద గీత లేదు, నేరేడుపండులా నిగనిగలాడేది. దాని ట్రిగ్గర్ నొక్కడమంటే ఇసుకలో దిగబడ్డ లారీని చూపుడువేలితో లాగడమే. కొంచెం కదులుతుంది, ఆగుతుంది, గరగరమంటుంది, మళ్ళీ కదులుతుంది. ఎప్పుడు పేలుతుందో దానికే తెలియదు. అది పేలేలోపు దాని మూతి సీతమ్మధార దాటి ఆనందపురం వైపు తిరిగిపోయేది.

రెండోది రోజూ డ్యూటీలో నా నడుముకుండే పిస్తోలు. ఒరలో రాసుకుని రాసుకుని అంచుల్లో నలుపు పోయి, తెల్లగా ఇనుము బయటపడింది. కానీ లక్ష గుళ్ళు కాల్చి కాల్చి లోపలి ముక్కలు నునుపుదేలాయి. ట్రిగ్గర్ మొదట కాస్త వదులు, తర్వాత సన్నని అడ్డు. అక్కడ వేలు ఆపి, ఊపిరి బిగబట్టి, ఇంకొక్క పిసరు నొక్కితే వేయించిన అప్పడం విరిగినట్టు టప్!

ఆ ఏడు ఉక్కు కర్మాగారం కడుతున్నచోటి కాపలా దళంతో మాకు గురి పోటీ. కిందటేడు చివరి వంతులో నావల్లే ఓడాం. ఈసారీ ఓడితే నన్ను జట్టులోంచి తీసేస్తామని మా అధికారి తేల్చేశారు.

పోటీ మా మైదానంలో, మా పిస్తోళ్ళతోనే. రెండు జట్లూ సరిసమానంగా వచ్చి, చివరి వంతు మిగిలింది. అటు, కిందటేడు నన్ను ఓడించిన, పద్మనాభం ఊరి రైతుబిడ్డ. పడవమీద వాలిన కాకిని ఏ కంటిమీద కొట్టమంటారని అడిగి మరీ కొట్టేవాడట. ఇటు నేను. బల్లమీద ఆ రెండు పిస్తోళ్ళు. పరాయి జట్టుకు మర్యాద చేయాలని తనిఖీ పిస్తోలును కూడా బయటికి తీశారు. అతిథే ముందు ఎంచుకోవాలన్నది మా ఆనవాయితీ. ఖాళీ పిస్తోలు ట్రిగ్గర్ ఒకసారి నొక్కి చూసుకుంటే ఎవరూ కాదనరు. అతను నొక్కాడా, నా పిస్తోలు అతనిదైపోతుంది, నా పని సరి.

నా పక్కనున్న జట్టువాడు మోచేత్తో పొడిచాడు.

"ఏటి బావా, అలా సెమటలు కారిపోతన్నాయి?"

"ఆడు ట్రిగ్గర్ నొక్కి సూత్తాడేమోనని బావా!"

"ఎద్దుని కొనాలంటే పళ్ళు లెక్కెట్టే ఊరోడు బావా ఆడు. నొక్కకుండా వొగ్గుతాడేటి? నువ్వు జట్టు సొక్కా ఇప్పేసి మడతెట్టుకో."

ఆ రైతుబిడ్డ నా పిస్తోలు అంచులు చూసి మొహం ముడిచాడు.

"ఇదేటి, సముద్రంలో కొట్టుకొచ్చినట్టుంది! మీరే ఉంచుకోండి బాబూ."

నిగనిగలాడేదాన్ని అందుకున్నాడు. నొక్కి చూడలేదు. అంతమంది ముందు నొక్కి చూసుకోవడం అంతటి గురికాడికి నామోషీ మరి.

మొదటి గుండు గురి అట్ట అడుగున తగిలింది. రెండోది అట్టనే వదిలేసింది. అతను పిస్తోలును బల్లిపడ్డ గిన్నెలా దూరంగా పట్టుకుని, "ఇది ట్రిగ్గరేటి? గొడౌను తలుపు గడియ!" అని అరిచాడు. ఎంచుకున్నాక మార్చుకోవడం లేదు.

తర్వాత నా వంతు. వదులు, అడ్డు, టప్. వదులు, అడ్డు, టప్. నా గుళ్ళన్నీ వరసగా ఒకే కన్నంలోంచి దూరి వెళ్ళాయి. రేవులో ఉన్న ఓడలన్నీ ఒక్కసారిగా కూతలు పెట్టాయి. జట్టువాడు నన్ను భుజానికెత్తుకుని, "సొక్కా ఇప్పకు బావా, ఒంటిమీదే ఇస్త్రీ సేయిస్తాను!" అని గంతులేశాడు. మా అధికారి పళ్ళు కనబడేలా నవ్వడం ఆ రోజే చూశాను.

ఇక కల్పించినదేమిటో చెప్పేస్తాను. ఒకే కన్నం అన్నది అబద్ధం. గుళ్ళు చిన్నపిల్ల పెట్టిన గోరింటాకు చుక్కల్లా ఎడాపెడా పడ్డాయి. కానీ ఒక్కటి కూడా నడిమి గుండ్రం దాటలేదు. నన్ను జట్టులోంచి తీయనూ లేదు.