తొట్టి పగలగొట్టనివ్వను

మైదుకూరులో మా ఇంటి స్నానాల గదిలో ఒక తొట్టి ఉంది. టీవీలో చూపించే రకం, తెల్లగా, మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత పొడుగు. జాకెట్లు కుట్టి సంపాదించిన సొంత డబ్బుతో, ఎవరినీ అడక్కుండా పెట్టించుకున్నాను. ఎందుకని అడిగినవాళ్లకు మొదట్లో నడుంనొప్పి అని చెప్పేదాన్ని. తర్వాత ఆ అబద్ధం కూడా మానేశాను. నాకిష్టం, అంతే.

మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, పక్క వీధిలోనే ఉంటారు. ఇంటి విషయాల్లో ఆయన మాటే చెల్లుతుంది. తొట్టి చూసిన రోజే, "గొడ్ల తొట్టి తెచ్చి ఇంట్లో పెట్టినావు గదమ్మా" అన్నారు. మా అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కరువు సీమలో ఈమెకెంత పొగరు అని వీధిలో అనుకున్నారట. ఇదే బావగారు పొద్దున్నే పైపు పట్టుకుని కారు కడుగుతుంటే ఆ నీళ్లు వీధి మలుపుదాకా పారతాయి. అప్పుడు మాత్రం ఎవరికీ కరువు గుర్తుకు రాదు. నేను ఒంటిమీద నాలుగు చెంబులు ఎక్కువ పోసుకుంటేనే అందరికీ దేశం మీద దిగులు పుడుతుంది.

నేను పుట్టింది ఆలూరు వైపు ఒక పల్లెలో. మా అమ్మ కూలిపని నుంచి వచ్చి, మళ్లీ అంత దూరం నడిచి నీళ్లు మోసుకొచ్చేది. తాగడానికీ, వంటకూ, ఇంట్లో ఉన్న ఒక్క బర్రెకూ అవే. నాకు తలంటు పోసేటప్పుడు చెవుల వెనక ఇంకా నురగ ఉండగానే "ఇంగ చాలు, లెయ్యే" అనేది. అమ్మ మీద నాకు కోపం లేదు. ఆ బిందె మోసిన మెడ ఎంత నొప్పి పెట్టేదో నాకు తెలుసు. కానీ పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక, పెరట్లో బోరు ఉండి కూడా, బక్కెట్టులో చెంబు మునిగిన చప్పుడు వినపడితే చాలు, అత్త బయటి నుంచి అదే మాట అనేది. ఆ మాట విని విని నాకు ప్రాణం విసిగింది. తొట్టి అందుకే పెట్టించుకున్నాను. అయినా నిజం చెప్పాలి, దాన్ని ఒక్కసారి కూడా నిండా నింపలేదు. మోకాళ్లు తడిసేసరికి నా చెయ్యి దానంతటదే కుళాయి కట్టేసేది.

ఈ ఎండాకాలం మొదట్లో ఆ కుళాయి కారడం మొదలుపెట్టింది. అత్త దాని కింద ఒక గిన్నె పెట్టింది. గిన్నె నిండినప్పుడల్లా తెచ్చి నా కుట్టుమిషను ముందు పెట్టి, "చూసుకో" అనేది. బావగారు వచ్చినప్పుడల్లా తిన్నగా స్నానాల గదిలోకి వెళ్లి, మణికట్టు నరాలు లేచేదాకా కుళాయిని బిగించేవారు. కాసేపు ఆగేది. ఆయన వీధి దాటకముందే మళ్లీ మొదలయ్యేది. చివరికి ఒక రోజు ఆయన మా నడవలో కూర్చుని తీర్పు చెప్పేశారు.

"ఆదివారం మేస్త్రిని పిలుస్తాండా. ఆ తొట్టి పగలగొట్టి బండ ఏపిద్దాం. నీళ్లు ఇట్ల పోతాంటే ఇంట్లో లక్ష్మి నిలుస్తాదా?"

నేను మా ఆయన మొహం చూశాను. ఆయన తల గోక్కుని, "అన్న చెప్తాండాడు గదా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కారేది కుళాయి. పగలగొట్టేది తొట్టిని. ఇదెక్కడి న్యాయం?

ప్లంబరుకు ఫోన్ చేస్తే "రేపొస్తానక్కా" అన్నాడు. మర్నాడూ అదే మాట. శనివారం ఫోనే ఎత్తలేదు. సరే, నేనే విప్పుతాను అనుకున్నాను. కుట్టుమిషను ఊడదీసి, నూనె పోసి, మళ్లీ బిగించుకునే మనిషిని, నాకు కుళాయి ఒక లెక్కా? సామాన్ల కొట్టుకు వెళ్లి వాషర్లు అడిగితే, కొట్టాయన "మీ ఆయన్ను పంపు తల్లీ" అన్నాడు. మా ఆయనకు వాషరు అంటే ఏందో తెలీదని చెప్పి, తీసుకుని వచ్చేశాను.

ముందు నీళ్లు ఆపాలి. మిద్దె మీద ట్యాంకు కింద ఉన్న వాల్వు తిప్పబోతే అది కదల్లేదు. మా బోరు నీళ్లు అలాంటివి. కాచిన గిన్నెకల్లా తెల్లటి పొర కట్టిస్తాయి. ఆ పొరే వాల్వును కూడా పట్టేసింది. ఇక ట్యాంకు ఖాళీ చెయ్యడం తప్ప వేరే దారి లేదు. పొద్దుటి నుంచీ కరెంటు లేక మోటరు వెయ్యలేదు కాబట్టి ట్యాంకులో సగం కూడా లేవు. దిగి వచ్చి అత్తకు చెప్పాను. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మోరీలోకి ఇడుస్తావా ఏంది నీళ్లన్నీ?"

"యాడ పట్టాల్నో నువ్వే చెప్పత్తా."

అత్త నడుం బిగించింది. బిందెలు నిండాయి, బక్కెట్లు నిండాయి, పెళ్లిళ్లకు తప్ప బయటికి తియ్యని గంగాళం కూడా నిండింది. నీళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆమె ఇల్లంతా తిరిగి చూసి, ఖాళీ గిన్నె ఒక్కటీ దొరక్క, నా మీద అరిచింది.

"ఆ తొట్లో పట్టుమే! ఏం చూస్తాండావు, నీళ్లు పోతాంటే!"

తొట్టి బిరడా బిగించి కుళాయి విప్పాను. నవ్వు ఆపుకోవడానికి నాకు చాలా కష్టమైంది. ట్యాంకు ఖాళీ అయ్యేసరికి తొట్టి అంచుకు జానెడు కిందిదాకా నిండింది.

కుళాయికి గీతలు పడకుండా జాకెట్టు గుడ్డముక్క చుట్టి, స్పానరు వేసి తిప్పాను. రాలేదు. తొట్టి గోడకు కాలు తన్నిపెట్టి, పళ్లు బిగించి లాగితే వచ్చింది. ఆ ఊపుకు ఒక చిన్న మర చేతిలోంచి జారి నీళ్లలో పడింది. భుజందాకా చెయ్యి పెట్టి వెతికి తీశాను. చీర సగం తడిసిపోయింది. లోపలి వాషరు చూడగానే సంగతి తెలిసిపోయింది. నల్ల రబ్బరు మధ్యలో గుండ్రంగా లోతుగా తెగిపోయి ఉంది. అరిగిపోయింది కాదది, నొక్కి నొక్కి తెంపేసింది. నీళ్లు పోతాయన్న భయంతో ఈ ఇంట్లో అందరం కుళాయిని పీక నొక్కినట్టు బిగించాం. అందువల్లే అది కారింది. వాషరు కూర్చునే చోట పేరుకున్న తెల్ల పొరను చింతపండూ పాత బ్రష్షూ పెట్టి రుద్ది, కొత్త వాషరు వేసి బిగించాను.

సాయంత్రం కరెంటు రాగానే మోటరు వేశాను. ట్యాంకు నిండుతుండగా బావగారు రేపు మేస్త్రికి చెప్పడానికి కొలతల టేపు పట్టుకుని వచ్చారు. కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడ్డారు. చెయ్యి తడవలేదు. అలవాటు కొద్దీ బిగించబోయారు.

"రెండు వేళ్లతో తిప్పితే చాలు బావా," అన్నాను. "బలమంతా కారు తుడిసేటప్పుడు సూపిద్దువు గానీ."

తెగిన వాషరు ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. అత్త గుమ్మంలో నిలబడి తన చేతులు తనే చూసుకుంది.

"సరేలేమ్మా. ఇప్పటికి మేస్త్రిని వద్దంటాలే," అన్నారాయన.

"ఇప్పటికి కాదు బావా. ఎప్పటికీ వద్దని చెప్పు. తొట్టి నాది."

మా ఆయన నా మొహం చూసి, అన్నను నడవలోకి పిలిచాడు. నేను తువ్వాలు తీసుకుని గదిలోకి వెళ్లి, వాళ్లు ముగ్గురూ నడవలో ఉండగానే తలుపు గడియ పెట్టాను.

మిద్దె మీద ఎండకు కాగిన నీళ్లు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. తొట్టిలోకి దిగితే భుజాల మీదికి వచ్చాయి. ఒంటిమీద అన్ని నీళ్లు ఒక్కసారిగా ఉండడం నా జన్మలో అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. కుళాయి చప్పుడు చెయ్యలేదు. కాసేపటికి అత్త తలుపు తట్టింది.

"ఎంతసేపుమే? ఇంగ చాలు, రా బయటికి."

"చాలినప్పుడు నేనే చెప్తాలే అత్తా!" అని ఇల్లంతా వినపడేలా అరిచి, కాళ్లు చాపుకున్నాను.