నెమళ్ళు లేని ఫైలు

ఆ రోజుల్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళం. నేను పెనుకొండ నుంచి రోజూ రైల్లో ధర్మవరం వెళ్ళి, ఒక పట్టుచీరల షావుకారి దగ్గర పనిచేసేవాణ్ణి. ఏ మగ్గం మీద ఎవరి చీర ఎక్కింది, ఒంటి రంగేది, అంచు ఏది అని రాయడం నా పని. షావుకారి అల్లుడు బెంగళూరులో కంప్యూటరు నేర్చుకొచ్చి, అవే వివరాలను అందమైన తెలుగు అక్షరాల్లో, రంగుల గళ్ళలో, నాలుగు మూలలా నెమళ్ళు పెట్టి మరీ దాచేవాడు. నాకు తెలుగు టైపింగ్ రాదు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొట్టి, ఉత్త నోట్‌ప్యాడ్‌లో రోజుకో ఫైలు, దానికి ఆనాటి తేదీయే పేరు. (చీరలతో పాటు మనసుకు తోచిందల్లా రాసేవాణ్ణి. వయసు అట్లాంటిది.)

“ఇది రాతనా, చీమలు పాకిన జాడనా అప్పా?” అని అల్లుడు నవ్వేవాడు. చివరికి షావుకారు తేల్చేశాడు: “ఒక పనికి ఇద్దరెందుకు? వచ్చే నెల నుంచి నువ్వు మగ్గాలకాడికి పట్టు మూటలు మొయ్యిపో.” నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ వారమే హిందూపురం నుంచి ఒకావిడ వచ్చింది. “మా పెద్దబిడ్డ పెండ్లికి మూడేండ్ల కిందట ఈడే నేయించినాం. చిన్నదానికీ అట్లాంటిదే కావల్ల. ఆ చీర పెద్దదానితో ఢిల్లీలో ఉండాది, రంగు గ్యాపకం లేదు” అంది. అల్లుడు ధీమాగా ఫైలు తెరిచాడు. కొత్త కంప్యూటర్లో ఆ తెలుగు ఫాంటు లేదు. నెమళ్ళు భద్రంగా ఉన్నాయి, అక్షరాలన్నీ డబ్బాలైపోయాయి. నేను నా ఫైళ్ళలో ఊరి పేరు కొట్టి వెతికించాను. దొరికింది! చదవబోతే షావుకారు నన్ను పక్కకు జరిపి, తానే కూడబలుక్కుంటూ పైకి చదివాడు: “హిందూపురం వాళ్ళది. ఒళ్ళు నేరేడు రంగు. అంచు చిలకపచ్చ, మామిడి పిందెలు. షావుకారికి అల్లుడంటే భయం. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు నన్ను తిడతాడు.”

“ఆ, నేరేడు రంగే! ఇప్పుడు గ్యాపకమొచ్చింది” అని ఆవిడ సంబరపడింది. షావుకారు గడ్డం గోక్కున్నాడు. “చీర సంగతి నిజమైతే తక్కిందీ నిజమేలేప్పా. నువ్వు యాడికీ పోవద్దు. అల్లుడు గూడా నీ మాదిరే రాయల్ల” అని, గొంతు తగ్గించి, “నా ముచ్చట్లు మాత్రం వేరే ఫైల్లో పెట్టుకో” అన్నాడు.

ఆ సాయంత్రం రైల్లో చోటున్నా కూర్చోలేదు, పెనుకొండ దాకా నిలబడే వెళ్ళాను, గెలిచినవాడు కూర్చుంటాడా! ఆ వేరే ఫైలు ఇప్పటికీ రోజూ రాస్తున్నాను. మొదటి నెలంతా షావుకారిని తిట్టాను, ఆ తర్వాత ఆయన పోయేదాకా అన్నీ ఆయన చెప్పిన మాటలే. ఇప్పుడవి తెరిచి, ఎంత పొగరురా నీకు అని అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి చూసి నవ్వుకుంటాను. పొగరుబోతే గానీ, వాడు రాసిపెట్టబట్టే ఆయన గొంతు నాకింకా వినబడుతోంది.