సీలు తీయని సూపర్‌హీరో

ఎడిసన్ ఊళ్లో మా ఆఫీసు టీమ్ లీడ్ కుర్చీలో కూర్చోగా నేను చూసింది ఒక్కసారే. మీటింగుల్లో కూడా గోడ వెంట తిరుగుతూనే మాట్లాడేవాడు. ఇంట్లో ఆ తిరుగుడంతా ఒక కామిక్ పుస్తకం చుట్టూ. సూపర్‌హీరోలు అప్పుడప్పుడే పుడుతున్న కాలం నాటి సంచిక అది. ఎగిరే వీరుడు, మాంత్రికుడు, మత్స్యకన్య ఒకే అట్ట మీద ఇరుక్కుని ఉంటారు. దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి అమ్మారు. సీలు తీస్తే విలువ పోతుంది, తీయకపోతే చదవలేడు. నాలుగేళ్లుగా అట్ట చూస్తూ, "ఆ మాంత్రికుడు మంచోడేనంటావా?" అని నన్ను అడిగేవాడు. నేనేదో ఆ మాంత్రికుడితో కలిసి చదువుకున్నట్టు.

దసరాకి భోజనానికి పిలిచాడు. మేమిద్దరం ఆఫీసు నుంచి వచ్చేసరికి పుస్తకాల పూజ అయిపోయింది. వాళ్ల అత్తగారు పెట్టెను స్క్రూడ్రైవర్‌తో తెరిచి, వీరుడి నుదుట పసుపు, కుంకుమ పెట్టేశారు.

"డబ్బాకి పెడితే పుస్తకానికి చేరుతుందా బాబూ?" అన్నారావిడ.

ఆయన టేబుల్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఆవిడ ప్రదక్షిణం అనుకుని సంతోషించారు. అప్పుడాయన పుస్తకం మీద చెయ్యి వేశాడు.

"అయ్యో, పూజలో పెట్టింది ఇవాళ చదవకూడదు. రేపు తీసుకోండి."

"నా వల్ల కాదత్తయ్యా," అని ఆయన పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. పావుగంట కదల్లేదు.

"ఎలా ఉందన్నా?" అన్నాను.

"దరిద్రంగా ఉందిరా," అన్నాడు తల ఎత్తకుండా. "మీరు తినేయండి. ఇంకా ఆరు కథలున్నాయి."