వలందా తాతకు వేసిన ఆకు

పెద్దల అమావాస్యనాడు మా ఇంట్లో ఒక ఆకు ఎక్కువ వేస్తాం. అది వలందా తాతది. డచ్చివాళ్ళను భీమిలిలో మా పాతతరం వాళ్ళు వలందావాళ్ళనేవారు. మా వంశంలో తరానికొకరికి పిల్లికళ్ళు వస్తాయి. ఈ తరంలో ఆ భాగ్యం నాది. ఆ కళ్ళు ఇచ్చినవాడు సముద్రపుటొడ్డున డచ్చివాళ్ళ గోరీల్లో పడుకున్న ఒక దొరేనని మా ముత్తాత చెప్పాడు. నాన్నను చిన్నప్పుడు తీసుకెళ్ళి, ఏ గోరీయో వేలెత్తి మరీ చూపించాడట. ఇక అడిగేదెవరు? ఏటా ఆ ఆకులో రొట్టె, కోడికూర, పక్కన చుట్ట, ఒక పంచె.

ఎడ్మంటన్‌లో నా దగ్గరికి వచ్చాక కూడా నాన్న ఈ పని మానలేదు. అరిటాకు ఇండియన్ స్టోర్లో గడ్డకట్టి దొరుకుతుంది. చుట్ట ఇంట్లో వెలిగిస్తే అలారం మోగుతుంది కాబట్టి వెనక డెక్ మీద వెలిగిస్తాం. కాకులు పిలిచినా రావు. ఇక్కడి మాగ్‌పై పిట్టలు పిలవకుండానే వచ్చి కోడికూర ఎత్తుకుపోతాయి.

ఈ ఏడు నాన్న మోకాళ్ళు మొరాయించాయి. "ఇకమీదట నువ్వే పెట్టాలమ్మా" అన్నారు. ఎవరికి పెడుతున్నానో తెలియకపోతే నాకు చెయ్యి ఆడదు. అంత పెద్ద దొరకు పేరైనా ఉండాలి కదా! కిందటిసారి భీమిలి వెళ్ళినప్పుడు నాన్న చూపిస్తే తీసిన గోరీ ఫొటో ఫోన్లో ఉంది. మా పక్కింటి ఆంటీ హాలెండ్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఫోన్ పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ చాలాసేపు చూసింది. పాత భాష, సగం అరిగిపోయింది అంది. తర్వాత మెల్లగా, ఇది మగవాళ్ళ సమాధి కాదు అంది. ఎవరో వర్తకుడి భార్యట. తొలికాన్పులో పోయిందట. బిడ్డా దక్కలేదు. ఇద్దరినీ ఒకే రాతి కింద పెట్టారు.

నా బుర్ర తిరిగిపోయింది. బిడ్డే దక్కకపోతే మేమెలా పుట్టుకొచ్చాం? దొర పక్క గోరీలో ఉన్నాడా? ముత్తాత వేలు కాస్త పక్కకి పోయిందా? అసలు దొరే లేడా? మరి ఈ కళ్ళెక్కడివి? పోనీ అవన్నీ వదిలేద్దామంటే, పురిట్లో పోయిన పిల్లకు తరతరాలుగా చుట్టలు కాలుస్తున్నామన్న సంగతి వదలడం లేదు. మొదట నవ్వొచ్చింది. డ్రైవ్‌వే దాటేలోపు ఏడుపొచ్చింది. ఇంట్లోకి రాగానే మా అమ్మాయి, "సో, ఆర్ వి డచ్ ఆర్ నాట్?" అంది. దాని నోరు మూయించాను గానీ జవాబు నాకూ తెలియదు.

దాచిపెట్టడం నావల్ల కాక నాన్నకు చెప్పేశాను.

"ఏటి, ఆడమనిషా?" అన్నారు. మోకాలు రాసుకుంటూ, "బిడ్డ కూడా పోనాదా?" అన్నారు.

"పోయింది నాన్నా. అంటే ఆవిడ మనకేమీ కాదు. ఈ ఏడు ఆ ఆకు మానేద్దాం" అన్నాను.

నాన్న నామీద అంతెత్తున లేచారు. "మనకేటి కాదని కూడు తీసేస్తావేటి? మన మాటకి ఇన్నాళ్ళూ వచ్చి తింది. ఆయమ్మకి పెట్టడానికి ఇంకెవులున్నారు?"

మా వాళ్ళెవరో తేల్చుకుందామని బయలుదేరి, ఉన్న తాతను పోగొట్టుకుని, ఏమీ కాని మనిషిని ఇంటికి తెచ్చుకున్నాను.

అమావాస్యనాడు పంచె బదులు జాకెట్టు గుడ్డ పెట్టాను. ఆకులో అన్నీ వడ్డించాను గానీ ఏమని పిలవాలో తోచలేదు. అవ్వ అందామంటే, నా కూతురికన్నా ఎంతో పెద్దదయి ఉండదు. డెక్ మీద చలికి వణుకుతూ అలాగే నిలబడిపోయాను. "పిలువమ్మా, చల్లారిపోతాది" అని నాన్న లోపలినుంచి కేకేశారు. ఆకు పక్కన ఒక చిన్న గిన్నెలో పాలు పోసి పెట్టాను.

"రా తల్లీ, బిడ్డను కూడా ఎత్తుకురా" అన్నాను.