తాళంచెవి కనబడలేదు

మేడ్చల్ దగ్గర ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్‌లో మెకానిక్‌గా చేరిన కొత్తలో జరిగిందిది. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఒక విమానం ఇంజన్ ఫుల్ పవర్‌లో ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువ వేగంగా తిరుగుతోంది. ఆ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ ప్రొపెల్లర్ వెనకే ఉంటుంది. దాని స్క్రూ కొద్దిగా తిప్పాలి, ఇంజన్ నడిపి చూడాలి, ఆపి మళ్లీ తిప్పాలి. ఆపిన ప్రతిసారీ తాళంచెవి తీసి కాక్‌పిట్ ముందు అద్దం దగ్గర పెడతాం. అది బయటికి కనబడుతుంటేనే ప్రొపెల్లర్ దగ్గర చెయ్యి పెడతాం.

స్క్రూ తిప్పుతూ ఎందుకో తలెత్తాను. తాళంచెవి లేదు! లోపల నల్లకళ్లద్దాల మనిషెవరో ఫోన్ పట్టుకుని నవ్వుతున్నాడు. వెనక్కి దూకాను. అప్పటిదాకా నా చెయ్యి ఉన్నచోట ప్రొపెల్లర్ గిర్రున తిరిగింది.

"దిగు కిందికి! నా చెయ్యి పోతుండె, ఎర్కేనా నీకు?" అని ఇంజన్ ఆగగానే అరిచాను.

మేనేజర్ ఉరికొచ్చాడు. "ఏందమ్మా గీ లొల్లి? ఆయన మన ఓనర్ బామ్మర్ది. జర ముచ్చటపడి తిప్పిండు. ఏం గాలేదు గదా, సారీ చెప్పు."

"సారీ ఆయన చెప్పాలె సార్, నా చేతికి!"

ఆయన చెప్పలేదు. ఆయన చేతిలోని తాళంచెవి లాక్కుని జేబులో వేసుకుని, పని పూర్తిచేశాను.

సాయంత్రం క్లబ్ గ్రూపులో ఆయన వీడియో వచ్చింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. అందులో తాళం తిప్పుతున్న ఆయన చెయ్యి, అద్దం అవతల ప్రొపెల్లర్ దగ్గర వంగి ఉన్న నా తల, రెండూ స్పష్టంగా ఉన్నాయి.

అంటే, నేను ఆయనకు కనబడుతూనే ఉన్నాను.

– ఒక పాఠకురాలు, తూంకుంట